ఎడమ కాలి వంతు

సెప్టెంబర్ 5, గురువారం

ఐరిష్ డాన్సు క్లాసులు మొదలయ్యాయి. పదిహేడు మంది వచ్చారు. నిరుడు ఇదే రోజు ఇరవై ఎనిమిది మంది. మిగతా పదకొండు మంది హైవే పక్కన కొత్తగా వెలిసిన సిల్వర్ బకిల్ అకాడమీకి తరలిపోయారు. అక్కడ గోడల నిండా అద్దాలట, కింద స్ప్రింగుల నేలట, వారానికోసారి పిల్లల కాళ్ళు చూడటానికి ప్రత్యేకంగా ఒక మనిషట. నేను ఐర్లండ్‌లో, అకిల్ దీవిలో వంటింటి బండల మీద నేర్చుకున్నాను. నా కాళ్ళకేమైంది? యాభై తొమ్మిదేళ్ళ వయసులో ఇంకా పిల్లలకి జిగ్గు స్టెప్పులు వేసి చూపిస్తున్నాను.

సెయింట్ ఫించన్ చర్చి కింది హాల్లో అద్దాలు లేవు. కాంక్రీటు మీద చెక్క పలకలు పరుచుకున్నాం, అంతే. అద్దాలు నాకక్కర్లేదు. గోడ వైపు తిరిగి నిలబడినా ఎవరి మడమ ఎక్కడ పడిందో చెప్పగలను.

నూలా లవెల్ మాత్రం ఎక్కడికీ పోలేదు. నూలా ఉంటే స్కూలున్నట్టే. పోయిన నవంబర్లో చికాగో ప్రాంతీయ పోటీలో ఒక్క స్థానం తేడాతో ప్రపంచ పోటీకి వెళ్ళే అవకాశం తప్పిపోయింది. ఈసారి తప్పిపోనివ్వను. నా స్కూలు పేరు చెప్పుకుని ఒక పిల్ల ప్రపంచ పోటీ వేదిక ఎక్కి పన్నెండేళ్ళయింది. నూలా ఎక్కిందంటే ఆ పదకొండు మందీ తోక ముడుచుకుని తిరిగొస్తారు. ఎక్కకపోతే వచ్చే సెప్టెంబరుకి ఈ పదిహేడు మంది కూడా మిగలరు, నాకు తెలుసు.

పెగ్ వదిన అకార్డియన్ పెట్టె తెరుస్తూ, "ఈ పదిహేడు మందికి ఇంత పెట్టెందుకే, ఈల వేసినా సరిపోయేది" అంది. మా ఆయన మార్టిన్ పోయి తొమ్మిదేళ్ళయినా ఆయన అక్కగారి నోటి నుంచి నాకింకా విముక్తి రాలేదు.

సెప్టెంబర్ 12, గురువారం

మంచి క్లాసు. కొత్త పిల్లలకి చేతులు పక్కన పెట్టుకోవడం వచ్చింది. ఏటా మొదటి నెలంతా ఒకటే పాట నాది. చేతులు పక్కన, పిడికిళ్ళు మూసి, నడుం నుంచి పైకి గోడ. కాళ్ళేం చేస్తున్నాయో ముఖానికి తెలియకూడదు. ఏడేళ్ళ మాగీ కారిగన్ ముక్కు మీద ఈగ వాలినా కదల్లేదు, బంగారు తల్లి.

క్లాసయ్యాక కోట్లు తగిలించుకునే గదిలో నూలా ఆగింది. ఎడమ గజ్జల్లో, తొడ మొదట్లో నొప్పిగా ఉందంది. ఎగిరి ఆ కాలి మీద దిగినప్పుడు. రెండు వారాల నుంచట. పదిహేనేళ్ళ పిల్ల, ఒక్క వేసవిలో నాలుగంగుళాలు పెరిగింది. నొప్పి లేకపోతేనే వింత. వేడి నీళ్ళ కాపడం పెట్టుకోమన్నాను. ఇంకా కాసేపు మాట్లాడుకున్నాం.

సరేనంది.

సెప్టెంబర్ 13

మూడో వరుసలో ఒక పలక వదులైంది. నిన్న నూలా అడుగుల్లో నాకు వినబడిన తేడా దానివల్లే.

సెప్టెంబర్ 24, మంగళవారం

కొత్త పలక వేయించాను. తేడా పోలేదు.

కుడి కాలి వంతు వేసేటప్పుడు నూలా గట్టి బూట్లు చెక్క మీద మేకు దిగినట్టు పడతాయి. అదే స్టెప్పుని తిప్పి ఎడమ కాలితో వేసే వంతు వచ్చేసరికి చప్పుడు మెత్తబడుతోంది. నానిన అట్ట మీద కొట్టినట్టు. చప్పుడు కోసం బూటు ముందు బిగించే దిమ్మ అరిగిపోయి ఉంటుంది. ఎడమ బూటు నేనే ఇంటికి తెచ్చుకుని చూశాను. దిమ్మ బాగానే ఉంది. అయినా మార్పించాను.

అక్టోబర్ 1

దిమ్మ కాదు.

ఆ పిల్లకి బద్ధకం వచ్చింది. పొడుగయ్యేటప్పుడు అందరికీ వస్తుంది. ఎడమ కాలి వంతు ఇరవై సార్లు వేయించాను. ఒక్క మాట అనకుండా వేసింది. ముఖం చూస్తే ఎంత బాగుందో, నేను చెప్పినట్టే, నున్నగా, ఏమీ లేకుండా. నొప్పున్న పిల్ల ముఖం అలా ఉండదు.

అక్టోబర్ 8, మంగళవారం

పెగ్ వదినతో గొడవైంది. నూలా హార్న్‌పైప్ డాన్సు వేస్తుంటే పెగ్ సగంలో వాయించడం ఆపేసింది. పిల్లల్ని నీళ్ళు తాగమని పంపి నన్ను మూలకి లాగింది.

"ఊనా, ఈ పిల్ల ఎడమ కాలు నా పాట కంటే వెనకబడుతోంది."

"నీ వేళ్ళే ముందుకి ఉరుకుతున్నాయి వదినా."

"నా వేళ్ళు నీ పెళ్ళి కాకముందు నుంచీ వాయిస్తున్నాయి. ఈ వయసులో వాటికి ఉరకాల్సిన పనేం లేదు. ఆ కాల్లో ఏదో ఉంది. దిగటానికి భయపడుతోంది."

"ముఖం చూశావా? భయపడే ముఖమా అది?"

"ముఖం చూడమంటావేంటే నన్ను. ఆ ముఖం తయారుచేసింది నువ్వు కాదూ? మార్టిన్ పోయినప్పుడు శవపేటిక పక్కన నువ్వూ అలాగే నించున్నావు. ఊనాకి చీమ కుట్టినట్టయినా లేదని మా వాళ్ళంతా ఏడాది పాటు చెప్పుకున్నారు. లేదా నీకు?"

మార్టిన్ సంగతి ఇందులోకి ఎందుకు తెచ్చిందో ఆవిడకే తెలియాలి.

"డాక్టరుకి చూపించు. చూపించాకే నేను దానికి వాయిస్తా" అంది.

"పోటీకి ఏడు వారాలుంది. డాక్టరంటే ముందు ఆపెయ్యమంటాడు. వాళ్ళకి వచ్చిన వైద్యం అదొక్కటే."

"అయితే ఆపెయ్యమంటాడని నీకు తెలుసన్నమాట."

పెట్టె సర్దుకుని, కోటు వేసుకుని, పిల్లలందరికీ పేరుపేరునా వెళ్ళొస్తానని చెప్పి మరీ వెళ్ళింది.

అక్టోబర్ 10

పెగ్ రాలేదు. ఫోన్లో రికార్డు పాట పెట్టుకున్నాం. ఒకందుకు నయం. దానికి నోరు లేదు.

అక్టోబర్ 17, గురువారం

రికార్డు పాటతో ఒక సుఖముంది, ఎంత కావాలంటే అంత నెమ్మది చేసుకోవచ్చు. నూలా చివరి రౌండులో ఒక్కతే వేసే సెట్ డాన్సుకి పాట వేగం బాగా తగ్గించాను. ఎడమ కాలికి కాస్త వ్యవధి దొరుకుతుందని. నెమ్మది పాటలో గాల్లో ఎక్కువసేపు నిలవాలి కాబట్టి ఇంకా ఎత్తుకి ఎగరాలి, అది వేరే సంగతి. ఎగిరింది. ఎంత ఎత్తు ఎగిరిందో. జడ్జీలకి ఇలాంటివే నచ్చుతాయి. ఇన్నాళ్ళూ ఈ ఆలోచన ఎందుకు రాలేదా అనుకున్నాను.

శనివారాలు కూడా రమ్మన్నాను.

అక్టోబర్ 29, మంగళవారం

కొలీన్ ఇవాళ మెట్ల దాకా దిగొచ్చింది. మామూలుగా కార్లోనే కూర్చుని హారన్ కొడుతుంది. నూలా వాళ్ళమ్మ. సిటీ బస్సు నడుపుతుంది, ఆ యూనిఫాంలోనే వచ్చింది. ఆరేళ్ళప్పటి నుంచి పదిహేడు దాకా నా దగ్గరే నేర్చుకుంది. కూతుళ్ళున్న తల్లయినా ఇప్పటికీ నా ముందు నిటారుగా నిలబడుతుంది, చూస్తే నవ్వొస్తుంది.

"నూలా ఎలా చేస్తోంది మిస్ ఊనా?" అంది.

"చాలా బాగా చేస్తోంది. నీ కంటే బాగా."

"ఇబ్బందేం లేదుగా?"

"ఇబ్బందేముంటుంది? ఈసారి సీటు మనదే."

తాళంచెవి వేలికి తిప్పుకుంటూ ఇంకా కాసేపు నిలబడింది. ఏదో అడుగుతుందేమో అనుకున్నాను. "అయితే సరే" అని పైకి వెళ్ళిపోయింది. అంత దూరం దిగొచ్చింది ఈ మాత్రానికా.

నవంబర్ 7, గురువారం

ఊరి పక్క సరస్సు మీంచి చలిగాలి మొదలైంది. హాల్లో హీటరు ఒకటే గోల.

నూలా మెట్లెక్కుతుంటే వెనకాలే ఉన్నాను. కుడి కాలు పైమెట్టు మీద పెట్టి, రెయిలింగు పట్టుకుని, ఎడమ కాలిని లాక్కుని అదే మెట్టు మీద పెట్టి, మళ్ళీ కుడి కాలు. మా అమ్మమ్మ చివరి రోజుల్లో అలా ఎక్కేది. నన్ను చూడగానే మామూలుగా నడిచింది.

బ్యాగు బరువు. రెండు జతల బూట్లు, పోటీల్లో పెట్టుకునే విగ్గు పెట్టె, స్కూలు పుస్తకాలు. పిల్లల మీద మోయలేనంత వేస్తున్నారు ఈ రోజుల్లో.

నవంబర్ 12

ఇవాళ నూలా, "మిస్, కాసేపు కూర్చోనా?" అంది. పిల్లలందరి ముందు.

"సిల్వర్ బకిల్‌లో కుర్చీలు బాగుంటాయట, అక్కడికెళ్ళి కూర్చో" అన్నాను. అందరూ నవ్వారు. కూర్చోలేదు.

ఎక్కడికి వెళ్ళగలదు? ఈ స్థాయికొచ్చిన పిల్ల స్కూలు మారితే నెలల తరబడి పోటీల్లో దిగనివ్వరు. ఆ సంగతి ఆ పిల్లకీ తెలుసు. తెలిసే అన్నాను.

అనకుండా ఉండాల్సింది.

నవంబర్ 21, గురువారం

ఇంకా తొమ్మిది రోజులు.

కోట్ల గదిలో మాత్రలు మింగుతుంటే చూశాను. నాలుగు. నాకు చూపించడం ఇష్టం లేనట్టు గుప్పిట మూసింది. నేను చూడనట్టే ఊరుకున్నాను. మాత్రలు మింగని డాన్సరెవరు. నేను రమ్ము మింగి వేసిన రోజులున్నాయి.

ఇవాళ ఎడమ కాలి వంతు గట్టిగా పడింది. బాగుపడింది. నేననుకున్నట్టే అయింది.

నవంబర్ 30, శనివారం, చికాగో

ఆసుపత్రిలో ఉన్నాం. రేపు రాస్తాను.

డిసెంబర్ 1, ఆదివారం, చికాగో

మొదటి రెండు రౌండ్లు అయ్యేసరికి నూలా మూడో స్థానంలో ఉందని లెక్క వేసుకున్నాను. సెట్ డాన్సు ఒక్కటే మిగిలింది. హోటల్ పెద్ద హాలు, ముగ్గురు జడ్జీలు, ముందు వరుసలో కొలీన్, వెనక గోడకి ఆనుకుని నేను. నా అలవాటు ప్రకారం కళ్ళు మూసుకుని విన్నాను.

కుడి కాలి వంతు అంత బాగా వేసిన పిల్లని ఈ ముప్పై ఒక్కేళ్ళలో నేను తయారుచేయలేదు. ఒక్క దెబ్బ కూడా మింగలేదు. మలుపు తిరిగింది. ఎడమ కాలి వంతు మొదలుపెట్టింది. ఎగిరింది.

దిగినప్పుడు వినబడింది బూటు చప్పుడు కాదు.

కళ్ళు తెరిచేసరికి నేల మీద ఉంది. పడిపోయి కూడా చేతులు పక్కనే ఉన్నాయి. పిడికిళ్ళు మూసే ఉన్నాయి. ముఖం వేదిక ఎక్కినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. అందుకే ఎవరూ లేవలేదు. కాలు జారి పడింది, లేస్తుంది అనుకున్నారు. వాయించేవాడు ఇంకో నాలుగు తాళాలు వాయించాడు కూడా. ఆ పిల్ల ఒక్కసారి అరిచి ఉంటే అరక్షణంలో వంద మంది చుట్టుముట్టేవాళ్ళు. అరవలేదు. నేను గోడ దగ్గర నుంచి పరిగెత్తుతూ, "లేవకు, లేవకు" అని అరిచాను. ఆ హాల్లో అరిచిన మనిషిని నేనొక్కదాన్నే.

డిసెంబర్ 2, సోమవారం

తొడ ఎముక తుంటిలోకి దూరేచోట విరిగిపోయింది. నిన్న ఆపరేషన్ చేసి మూడు స్క్రూలు వేశారు.

డాక్టరు చిన్నది, ముప్పై కూడా దాటి ఉండదు. గుమ్మం దగ్గర నిలబడి మా అందరికీ బొమ్మ గీసి చూపించింది. మొదట వెంట్రుకంత పగులు ఉంటుందట. నెలల కిందటే వచ్చి ఉంటుందట. దాని మీద ఎగిరి దూకి, ఎగిరి దూకి, చివరికి రెండు ముక్కలైంది. "పగులుగా ఉన్నప్పుడు తీసుకొచ్చి ఉంటే ఆరు వారాలు చంకకర్రలతో నడిచేది, అంతటితో పోయేది" అంది. ఇప్పుడు ఆ ముక్కకి రక్తం అందకపోతే ఎముక చచ్చిపోతుందట. అప్పుడు తుంటి మొత్తం మార్చాలి, ఇరవై ఏళ్ళు నిండకముందే. డాన్సు సంగతి ఎవరూ అడగలేదు. ఆవిడే చెప్పింది, ఇక లేదని.

డాక్టరు వెళ్ళాక గదిలో ముగ్గురమే ఉన్నాం. నూలా మంచం మీద, కొలీన్ కిటికీ దగ్గర, నేను గుమ్మం దగ్గర. కొలీన్ కోపంగా అడగలేదు. బస్సెక్కే మనిషిని ఎక్కడికి అని అడిగినట్టు అడిగింది.

"నూలా మీకెప్పుడైనా నొప్పిగా ఉందని చెప్పిందా మిస్ ఊనా?"

"లేదు" అన్నాను. "చెప్పుంటే ఒక్క పూటైనా వెయ్యనిచ్చేదాన్నా?"

మొదటి మాటతో ఆగి ఉంటే సరిపోయేది. రెండోది ఎందుకు అన్నానో.

కొలీన్ కూతురి వైపు తిరిగింది. "చెప్పలేదా నువ్వు?"

నూలా పైకప్పు వైపు చూస్తోంది. "లేదమ్మా. ఎవరికీ చెప్పలేదు."

ముఖం మీద ఏమీ లేదు. కళ్ళ కింద ఒక్క ముడత కూడా పడలేదు. నా గుండె మీంచి బరువు దిగినట్టయింది. ఇది రాయకూడదు గానీ, దిగింది. ఆ పిల్లని అప్పుడే ముద్దు పెట్టుకోవాలనిపించింది.

డిసెంబర్ 5

ఇంటికొచ్చాను. ఆలోచించి చూస్తే అది పూర్తిగా అబద్ధమేం కాదు. ఆ రోజు నూలా నొప్పి అనలేదు. పట్టేసినట్టుందంది. పట్టేయడం వేరు, నొప్పి వేరు.

డిసెంబర్ 6, శుక్రవారం

ఈ పుస్తకం తీసి సెప్టెంబర్ 12 చూశాను. నొప్పి అనే ఉంది. నా చేతిరాతే. ఎడమ గజ్జల్లో, ఎగిరి దిగినప్పుడు, రెండు వారాల నుంచి. ఆ డాక్టరు కూడా ఇంత వివరంగా రాసుకోదు.

కాగితం కుట్టు దాకా మడిచాను చింపేద్దామని. చింపి ఎవరి నుంచి దాస్తాను? దీన్ని చదివేది నేనొక్కదాన్నే.

"ఇంకా కాసేపు మాట్లాడుకున్నాం" అని రాసి ఊరుకున్నాను ఆ రోజు. ఏం మాట్లాడుకున్నామో ఇప్పుడు రాస్తాను. "అమ్మకి చెప్పకు" అన్నాను. "చెబితే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంది, డాక్టరు ఆపేస్తాడు, నీ ఏడాదంతా మట్టికొట్టుకుపోతుంది. ఎవరికీ చెప్పకు. నవంబర్ పోటీ అయిపోనీ, అప్పుడు చూసుకుందాం. అప్పటిదాకా ఇది నీకూ నాకూ మధ్యే" అన్నాను. భుజం మీద చెయ్యి వేశాను. నేను పిల్లల భుజాల మీద చేతులు వేసే మనిషిని కాదు. ఆ పిల్ల ముఖం ఒక్క క్షణం వెలిగింది. నాతో ఒక రహస్యం దక్కినందుకు మురిసిపోయింది.

పలక వదులవ్వలేదు. దిమ్మ అరగలేదు. అన్నీ తెలుసు. మొదటి రోజు నుంచి వింటూనే ఉన్నాను.

డిసెంబర్ 8, ఆదివారం

పెగ్ వదిన వచ్చింది. కోటు విప్పలేదు, కూర్చోలేదు. గిన్నెలో మాంసం కూర తెచ్చి పొయ్యి మీద పెట్టింది.

"నీకు ముందే చెప్పానని అనడానికి రాలేదు" అంది.

"అను."

"అనను. నువ్వు తిండి తింటున్నావో లేదో చూడ్డానికొచ్చా. నూలా నీకేమీ చెప్పలేదటగా. ఊరంతా అనుకుంటోంది, పాపం ఊనాకి తెలియకుండా దాచిందట పిల్ల అని."

నేను గిన్నె మూత సర్దాను. పెగ్ నా వైపే చూస్తోంది. ఆవిడకి నా ముఖం చదవడం రాదని నలభై ఏళ్ళుగా నా నమ్మకం.

"కూర చల్లారకముందే తిను" అని వెళ్ళిపోయింది.

డిసెంబర్ 10, మంగళవారం

క్లాసు పెట్టాను. పద్దెనిమిది మంది వచ్చారు. ఒకరు పెరిగారు. సిల్వర్ బకిల్ నుంచి తిరిగొచ్చిన పిల్ల. వాళ్ళమ్మ నా చెయ్యి పట్టుకుని, "మీకెంత కష్టమొచ్చింది మిస్ ఊనా. అంత దాచుకుంటే మీరు మాత్రం ఏం చేస్తారు?" అంది. కోరినట్టే తిరిగొస్తున్నారు. వరుసగా తల్లులు కేకులూ రొట్టెలూ పట్టుకొచ్చి బల్ల మీద పెట్టారు, మా ఇంట్లో ఎవరో పోయినట్టు.

రీల్ డాన్సు వేస్తూ మాగీ కారిగన్ మోకాలు మడతపడి కూలబడింది. దగ్గరికి వెళ్ళాను.

"నొప్పిగా ఉందా?"

"లేదు మిస్."

లేచి, చేతులు పక్కన పెట్టుకుని నిలబడింది. ఏడేళ్ళ పిల్ల. ఉందో లేదో ఎంత చూసినా నాకు తెలియలేదు. "నిజం చెప్పు" అన్నాను. "లేదు మిస్" అంది మళ్ళీ. మేజోడు దింపి చూస్తే మోకాలి మీద కోడిగుడ్డంత వాపు ఉంది.

అందర్నీ ఇంటికి పంపేశాను.

డిసెంబర్ 14, శనివారం

పొద్దున పదకొండింటికి హాలు ఊడుస్తున్నాను. కొలీన్ మెట్లు దిగొచ్చింది. యూనిఫాంలో ఉంది, డ్యూటీ మధ్యలో వచ్చినట్టుంది. నూలా ఎలా ఉందని అడిగాను. సోఫా మంచం మీద పడుకోబెడుతున్నామంది. కుర్చీ చూపించాను. కూర్చోలేదు.

"ఆ రోజు ఆసుపత్రిలో మిమ్మల్ని అడిగానే, అప్పటికే నాకు జవాబు తెలుసు మిస్ ఊనా."

నా చేతిలో చీపురు ఉంది. అలాగే ఉండిపోయింది.

"సెప్టెంబర్లో అది ముందు నాకే చెప్పింది. నాకేం తెలుసు కాళ్ళ సంగతి? మిస్ ఊనాకి చెప్పు, ఏమన్నా ఉంటే ఆవిడే ఆపేస్తుంది అన్నాను. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, మిస్ ఏం లేదంది, కాపడం పెట్టుకోమంది అని చెప్పింది. హమ్మయ్య అనుకున్నా. ఆ తర్వాత తగ్గిందా అంటే తగ్గిందనేది. ఇంకొక్క ముక్క బయటికొచ్చేది కాదు."

ఎందుకు వచ్చేది కాదో కొలీన్‌కి ఇంకా తెలియదు. నేను చెప్పాను. కోట్ల గదిలో అన్న మాటలు అన్నీ, అన్నవి అన్నట్టుగా చెప్పాను. విన్నది. అరుస్తుందేమోనని చూశాను. అరిస్తే బాగుండేది. పదకొండేళ్ళు నేను దిద్దిన ముఖం అది, అందులో ఏముందో నాకే కనబడలేదు.

"అక్టోబర్లో ఈ మెట్ల దగ్గరే నించున్నా" అంది. "రాత్రుళ్ళు మంచం మీద అటూ ఇటూ మెసులుతుంటే గోడవతల నుంచి వినబడేది. అడుగుదామనే దిగా. మీరు బాగా చేస్తోందన్నారు. నాక్కావాల్సిన మాట అదే. నాక్కూడా ఆ ప్రపంచ పోటీ కావాలి మిస్ ఊనా. నేను వెళ్ళలేకపోయా. దాన్నన్నా చూద్దామనుకున్నా."

"కొలీన్..."

"నన్ను చెప్పనివ్వండి. ఆసుపత్రిలో అడిగినప్పుడు మీరు అవునంటారనుకున్నా. అవును, చెప్పింది అంటే, నాకూ చెప్పింది మిస్ ఊనా అందామని నోటి దాకా తెచ్చుకుని నించున్నా. మీరు లేదన్నారు. నేను నోరు మూసుకున్నా. దాన్ని అడిగా, తెలిసి తెలిసీ అడిగా. మనిద్దరి పరువూ కాపాడటానికి నా బిడ్డ అబద్ధమాడింది. తుంటిలో మూడు స్క్రూలు పెట్టుకుని, మనిద్దరి మధ్య పడుకుని."

ఆవిడకి చూపించిన కుర్చీలో నేనే కూర్చున్నాను.

"ఇప్పుడు నేనేం చెయ్యను?" అన్నాను.

"రేపు మధ్యాహ్నం ఇంటికి రండి. ఇద్దరం దాని ముందు నించుని చెబుదాం."

"ఏమని?"

"అది చెప్పిందని."

డిసెంబర్ 15, ఆదివారం

చర్చిలో పెద్ద పూజకి వెళ్ళొచ్చి, బట్టలు మార్చకుండానే లవెల్ వాళ్ళింటికి నడిచి వెళ్ళాను. ఆరు వీధులు. దారిలో ఇద్దరు ముగ్గురు ఆపి నూలా ఎలా ఉందని అడిగారు. అందరికీ బాగానే ఉందన్నాను.

ముందు గదిలో సోఫా మంచం. గోడకి చంకకర్రలు ఆనించి ఉన్నాయి. నూలా దిండ్లకి జారగిలబడి కూర్చుంది. నన్ను చూడగానే వీపు నిటారు చేసింది. చేతులు రెండూ దుప్పటి మీద పక్కలకి పెట్టుకుంది. కొలీన్ వంటింటి గుమ్మంలోంచి వచ్చి నా పక్కన నిలబడింది.

నేను దారి పొడుగునా ఏవేవో మాటలు పేర్చుకున్నాను. ఒక్కటీ అక్కరకి రాలేదు.

"నూలా, సెప్టెంబర్ పన్నెండున నువ్వు నాకు చెప్పావు. నొప్పిగా ఉందని. ఆసుపత్రిలో నేను లేదన్నాను. అది అబద్ధం."

"నాకూ చెప్పావు" అంది కొలీన్.

నూలా ఆమెని చూసింది, నన్ను చూసింది.

"నేనెవరికీ చెప్పలేదు మిస్" అంది. "డాక్టరుకి కూడా చెప్పలేదు. ఎప్పట్నుంచి అని రెండుసార్లు అడిగింది. అప్పుడు కూడా చెప్పలేదు."

పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. నేను పరీక్ష పెడుతున్నాననుకుంది. తప్పు చేయలేదని నాకు నమ్మకం కలిగించాలని చూస్తోంది. పక్కనే కొలీన్ గోడ పట్టుకుంది.

మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. "చెప్పొద్దని నేనన్నది తప్పు. నా కోసం అన్నాను, నీ కోసం కాదు. నువ్వు చెప్పావు. ఇద్దరికీ చెప్పావు. ఇద్దరం విన్నాం. విని ఊరుకున్నాం."

వంటింట్లో కెటిల్ కూత పెట్టి దానంతటదే ఆగింది. ఆ పిల్ల దుప్పటి అంచు చూస్తూ ఆలోచిస్తోంది.

"పోటీ అయిపోయింది కదా" అంది చివరికి. "ఇప్పుడు చెప్పొచ్చా మిస్?"

చెప్పమన్నాను.

"నొప్పిగా ఉంది" అంది. ముఖం ఇంకా అలాగే ఉంది.